రొట్టె మీద ఒట్టు

ఇలా దగ్గరికి జరుగు తల్లీ, ఆ దుప్పటి కాళ్ల మీదికి లాక్కో. చోల్పోన్ సంగతి చెబుతాను, విను.

ఓష్ ఊళ్లో ఇనప కంటైనర్లలోనే కొట్లు పెట్టుకున్న కంప్యూటర్ల వరస ఉంది కదా, ఆ వరసకు పెద్ద బెక్‌బోల్. వరస మొత్తానికి రిపేర్లు చేసే ఆడమనిషి చోల్పోన్ ఒక్కతే.

ఒకరోజు పొద్దున్నే బెక్‌బోల్ వచ్చి, చిప్పుల వేడిని లాగే మెత్తటి ప్యాడ్ల పెట్టె ఒకటి ఆమె బల్ల మీద ధడాలున పడేశాడు.

"ఇక నుంచి వరసంతా ఇవే. కత్తిరించు, అంటించు, మూత బిగించు. చిప్పుల మీద నీ పేస్టు పూతలు చాలించు."

"ప్రాసెసర్ మీద ప్యాడా? ఈ ఎండల్లో గొర్రెతోలు కోటు తొడిగినట్టు ఉంటుందన్నా దానికి!"

పక్క కొట్లవాళ్లు పగలబడి నవ్వారు. బెక్‌బోల్ నవ్వలేదు.

"వేడెక్కితే మళ్లీ మన దగ్గరికే వస్తారు. నీకొచ్చిన నష్టమేమిటి?"

"అలా వచ్చేవాళ్ల మొహం నేను చూడలేను. తీసుకుపో. ప్యాడ్ ముక్క ఒక్కటి కూడా నా కొట్టు గడప తొక్కదు. ఇదిగో, రొట్టె మీద ఒట్టు!"

బల్ల మీదున్న రొట్టె మీద అరచెయ్యి పెట్టేసింది. మా వాళ్లలో ఆ ఒట్టు తప్పినవాడి చేతి టీ కూడా ఎవరూ తాగరు.

"అయితే పందెం" అన్నాడు బెక్‌బోల్. "ఒకే రకం ల్యాప్‌టాప్‌లు రెండు. నీది పేస్టు, నాది ప్యాడ్. బరువైన వీడియో ఆట పెట్టి ఎండలో వదిలేద్దాం. ఎవరిది ముందు ఆరిపోతే వాళ్లు కొట్టు ఖాళీ చెయ్యాలి."

"చెయ్యి కలుపు!"

కలిపేసింది. ఆ కొట్టు పోతే విధవరాలు చోల్పోన్‌కు మిగిలేది బావగారి పశువుల పాక. ఆయన పెట్టే కూడు, ఆయన అనే మాటలు. చచ్చినా పోనంది.

పందెం రోజు మధ్యాహ్నం ల్యాప్‌టాప్ విప్పి కూర్చుంది. లోపల ఒకే రాగి పలక. దాని కింద ప్రాసెసర్, పక్కనే చిన్న చిప్పులు. ప్రాసెసర్ పలకకు ఆనుకుని ఉంటుంది, దానికి పల్చటి పేస్టు చాలు. చిన్నవి పలకకు అందవు, ఆ సందులో ప్యాడ్ ఉండాలి. ఈ సంగతి చోల్పోన్‌కు తెలియక కాదు. ఒట్టు పెట్టుకుంది కదా! ఉన్న ప్యాడ్లు పీకేసి, సందు నిండా పేస్టే దట్టించింది.

"అమ్మాయ్!"

గుమ్మంలో ఎవరో ముసలావిడ. తలగుడ్డ నుదుటి మీదికి లాక్కుని ఉంది.

"పెద్దదానికి నీ పేస్టే ఉంచు. చిన్నవాటికి మాత్రం ప్యాడ్ పెట్టు తల్లీ. లావు పేస్టు వేడికి జారిపోతుందట."

"ఎవరన్నారు?"

ఆవిడ చొక్కా చేతి మడతలోంచి రెండు ప్యాడ్ ముక్కలు తీసింది.

"ఓహో! బెక్‌బోల్ పంపాడా? ఒట్టు తప్పానని వరసంతా దండోరా వేయిద్దామనా?"

"ఆ ఒట్టు పాపం నాకు తగలనీ. రొట్టె లెక్క అడిగితే నన్నే అడుగుతుంది. నువ్వు గెలువు."

చోల్పోన్ గిన్నెలో టీ పోసి ఆవిడ ముందు పెట్టింది. అంచుదాకా పోసింది.

సగానికి పోస్తే కూర్చోమని. అంచుదాకా పోస్తే తాగి దయచెయ్యమని.

ముసలావిడ గిన్నె వంక చూసింది. చుక్క ఒలకకుండా మొత్తం తాగింది.

"నీ మొండితనంలో పిసరంత నాకున్నా బాగుండేది" అని, ముక్కలు చేతిలో పట్టుకునే వెళ్లిపోయింది.

పందెం మొదలైంది. బెక్‌బోల్ ల్యాప్‌టాప్ ముక్కుతూ మూలుగుతూ ఈడ్చింది. చోల్పోన్‌ది గుర్రంలా ఉరికింది. జనం ఈలలు వేశారు. అంతలో తెర మీద చారలు పడ్డాయి, రంగులు కలిసిపోయాయి. లోపల లావు పేస్టు జారి చిన్న చిప్పులు కాలిపోతున్నాయి.

టప్‌మని ఆరిపోయింది.

బెక్‌బోల్ చెయ్యి చాపాడు. చోల్పోన్ తాళంచెవి ఆ చేతిలో కొట్టింది.

"కొట్టు తీసుకో. నేను మాత్రం ఎక్కడికీ పోను."

వరస బయట రోడ్డు పక్కన, రెండు పెట్టెల మీద పలక వేసుకుని కూర్చుంది. అందరూ చూస్తుండగా రొట్టె రెండుగా విరిచింది.

"ఒట్టు వేసింది నేను, తీసేస్తున్నదీ నేనే! నా టీ తాగనివాళ్లు తాగకండి. పెద్దదానికి పేస్టు, చిన్నవాటికి ప్యాడ్. ఎవరికి చల్లటి కంప్యూటర్ కావాలో రండి!"

వచ్చారు. మొదట ఒకరిద్దరు, తర్వాత గుంపులు గుంపులుగా.

తొలి మంచు పడ్డ రోజున బెక్‌బోల్ కూడా వచ్చాడు. తాళంచెవి పలక మీద పెట్టాడు.

"పందెం నాడు నీ దగ్గరికి వచ్చినావిడకు అంచుదాకా టీ పోశావట."

"పోశాను. నీ వేగులకు అంతే మర్యాద."

"నేను పంపలేదు చోల్పోన్. 'ఆ మొండిది ఒట్టు కోసం చిన్న చిప్పులకూ పేస్టే పూస్తుంది, దెబ్బతింటుంది' అని ఇంట్లో ప్లోవ్ పలావు తింటూ నవ్వాను. అది విని ఆవిడ, నాకు చెప్పకుండా నడుచుకుంటూ నీ దగ్గరికి వచ్చింది. నీ తాళంచెవి నా జేబులో చూసిన రోజే మూట కట్టుకుని కొండల అవతల నరీన్ వెళ్లిపోయింది. నా గడప తొక్కనంది. ఇప్పుడు మంచు పడి కొండ కనుమ మూసేశారు, వెళ్లి తెచ్చుకునే దారి కూడా లేదు."

చోల్పోన్ చేతిలో పని ఆగిపోయింది.

"ఎవరావిడ?"

బెక్‌బోల్ వెనక్కి తిరిగి మంచులో పడి నడిచాడు. ఆవిడ ఎవరో చివరికి పాత పక్క కొట్టువాడే చోల్పోన్‌కు చెప్పాడు.

ఇది మరిచిపోకు తల్లీ, నీ పిల్లలకూ చెప్పు. చెప్పేటప్పుడు వాడు చెప్పలేకపోయిన ఆ ఒక్క మాటా నువ్వు గట్టిగా చెప్పు: ఆ ముసలావిడ బెక్‌బోల్‌ను కన్నతల్లి.