తెర లేకుండా

"అమ్మా, మీ ఎడిటర్ తెరుచుకుంటలేదు."

ఫోన్‌లో గొంతు ఎవరో పెద్దాయనది. మాటకూ మాటకూ మధ్య దగ్గు.

డెబోరా గోదావరిఖనిలో కంప్యూటర్ పాఠాలు చెప్పే టీచరు. తెలుగులో రాసుకోవడానికి తనే ఒక టెక్స్ట్ ఎడిటర్ తయారుచేసింది. సీడీల్లో ఎక్కించి అడిగినవాళ్లకల్లా ఊరికే ఇస్తోంది. ఎవరైనా మెచ్చుకుంటే పొంగిపోతుంది. వంక పెడితే మాత్రం ముక్కు మీద కోపం.

"తెర మీద ఏం రాసి ఉంది కాకా?"

"తెర పెట్టలేదమ్మా, తీగ పీకేసిన. రాసింది చదివి వినిపించే డబ్బా ఒకటున్నది, గదే పెట్టిన. అది నోరు తెరుస్తలేదు."

డెబోరా నాలుక కరుచుకుంది. చూపు లేని మనిషిని పట్టుకుని తెర మీద ఏముందని అడిగిందా తను!

కోపం పోయి జాలి వచ్చేసింది.

"పక్కన చూసేటోళ్లు ఎవరన్న ఉంటే ఫోన్ ఇయ్యుండ్రి కాకా, నేను చెప్త."

"చూసేటోళ్ల సాయం లేకుంటనే నడవాలెనమ్మా. ఇంకొకలతోని రాయించుకుంటే వాళ్లకు నచ్చినట్టు రాస్తరు. ఎవలి మాట వాళ్లే రాసుకోవాలె. గంతే నా ఆశ."

ఆయన పేరు ఎల్లేశం. గనిలో చేసి రిటైరయ్యాడు. ఉండేది గోదావరి అవతల, నస్పూర్ కాలనీలో.

తప్పెక్కడుందో డెబోరాకు చూడకుండానే తెలుసు. ఎడిటర్ మొదలయ్యే చోట అన్నిటికీ కలిపి ఒకటే పెద్ద కోడ్ రాసింది. అది ముందు తెర కోసం వెతుకుతుంది, రంగులు సర్దుతుంది, అక్షరాల సైజు చూస్తుంది. ఆ తర్వాతే మిగతా పరికరాల వంతు. తెర దొరక్కపోతే గుమ్మంలోనే కూలబడుతుంది.

తెర లేకపోతే దాటేసి పొమ్మని ఒక చిన్న షరతు తగిలించి, కొత్త సీడీ బస్సు కండక్టర్ చేతికిచ్చి పంపింది.

మళ్లీ ఫోను.

"తెరుచుకున్నట్టే ఉన్నదమ్మా. కాని డబ్బా మూగదయింది."

ఇంకో షరతు తగిలించింది. ఈసారి డబ్బా మాట్లాడింది కానీ, మామూలు కంప్యూటర్లలో రంగులు మాయమయ్యాయి. డీటీపీ షాపుల వాళ్లు తిట్టిపోశారు. చేసేది లేక పాతదే మళ్లీ పెట్టింది.

"మొత్తం విప్పి మళ్ల కట్టాలె కాకా. పిల్లల పరీక్షలైనంక చూస్త."

"చెయ్యి బిడ్డా. జర జల్ది చెయ్యి."

పరీక్షలయ్యాయి. ఆ వెంటే చర్చి పనులు మీద పడ్డాయి. ఒక్క మనిషి కోసం ఇంత పనా అని మనసులో ఓ మూల అనిపిస్తూనే ఉంది. ఆ మాట పైకి అనలేదు కాబట్టి తను మంచిదాన్నేననుకుంది.

ఈలోగా తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. గనులు ఆగాయి, బస్సులు ఆగాయి, ఆమె సెంటర్ కూడా మూతపడింది. ఇక చెప్పుకోవడానికి సాకు మిగల్లేదు.

డెబోరా తండ్రి కూడా గనిలో పనిచేసినవాడే. కిందికి దిగేముందు ఎవరి లైటు వాళ్లే వెలిగించి చూసుకుంటారని, ఒకరి లైటు వెలగలేదని షిఫ్టంతా ఆగిపోదని ఆమె చిన్నప్పటి నుంచి విన్నదే. ఎడిటర్‌కూ ఆ పద్ధతే పెట్టింది. తెరను లేపే పని తెర కోడ్‌లోకే నెట్టేసింది. డబ్బాను లేపే పని డబ్బా కోడ్‌లోకి పోయింది. మొదటి కోడ్‌కు మిగిలిన పని ఉన్నవాళ్లను పిలవడం, లేనివాళ్ల కోసం ఆగకపోవడం.

అలాంటి చదివే డబ్బానే ఒకటి తెచ్చి తగిలించి, మానిటర్ తీగ పీకి చూసింది.

"రాయండి" అంది డబ్బా.

డెబోరా చిన్నపిల్లలా చప్పట్లు కొట్టి, వెంటనే ఫోన్ చేసింది.

"అయిపోయింది కాకా! బస్సులు నడవంగనే నేనే తెస్త."

"నువ్వే వస్తవా?" దగ్గు ఆగాక గాని మాట రాలేదు. "రా బిడ్డా, చాయ తాగి పోదువు. నీళ్ల ట్యాంకు పక్కన ఎల్లేశం ఇల్లంటే ఎవలన్న చెప్తరు."

బస్సులు తిరగడం మొదలైన రోజే బయల్దేరింది. ఆయన మొదట ఏం రాస్తాడోనని దారి పొడవునా ఒకటే ఉబలాటం.

ఇంటికి తాళం వేసి ఉంది.

పక్క క్వార్టర్ గడపలో కూర్చున్న ఒకామె అడుగుల చప్పుడుకు తల తిప్పింది. ఆమె చూపు డెబోరా మీద నిలవలేదు.

"ఎవలు?"

"డెబోరాను. ఎల్లేశం కాక కోసం వచ్చిన."

"సీడీ మేడమా!" ఆమె గడప పట్టుకుని లేచింది. "కాక పోయిండు మేడం. దమ్ము రోగముండె. సమ్మెలనే పోయిండు. మేడం వస్తది, కంప్యూటర్ నీ ఇంట్ల పెట్టుకో పూలమ్మా అని చెప్పి పోయిండు."

పూలమ్మ గోడ తడుముకుంటూ డెబోరాను తన ఇంట్లోకి తీసుకెళ్లింది.

సీడీ వేయగానే డబ్బా "రాయండి" అంది.

"మీటలన్ని కాకనే నేర్పిండు" అంటూ పూలమ్మ కుర్చీలో కూర్చుంది. హాస్టల్లో చదువుకునే కూతురికి ఉత్తరం మొదలుపెట్టి, ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ కొట్టింది.

"బిడ్డా, ఇది నేనే రాస్తున్న" అని డబ్బా చదివింది.

పూలమ్మ నవ్వింది. డెబోరాకు మాత్రం ఏడుపు ఆగలేదు.

"చూపు లేకున్నా ఎంత పట్టు పట్టిండు పాపం. నేను ఆలస్యం చేసిన. తన కోసం అడిగింది తనకు అందకుంటనే పోయిండు."

పూలమ్మ చేతులు మీటల మీద ఆగాయి.

"కాకకు చూపు లేదని ఎవలన్నరు మేడం? మొదటిసారి ఇది తెరుచుకోకుంటే నేను ఏడ్చిన. అప్పటిసంది నా చేతికిచ్చే ముందు నాకెట్ల ఉంటదో తెల్వాలెనని, కాక తన కండ్లకు తువాల కట్టుకొని దీని ముందట కూసునేటోడు."