పచ్చ చుక్క

"అమ్మమ్మా, అమ్మ ఫోటో పక్కన పచ్చ చుక్క వెలుగుతోందేంటి?"

మనవరాలు ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది. మా అమ్మాయి పోయి మూడేళ్ళయింది. దాని మాటలు, నవ్వులు రికార్డయి ఉన్నాయని దాని ఫోన్ మెసేజీల ఖాతాను అలాగే ఉంచుకున్నాం.

"పచ్చ చుక్కంటే ఖాతా లోపల ఎవరో దూరారన్నమాట. అమ్మమ్మా, నువ్వెవరికైనా ఏమైనా చెప్పావా?"

"నిన్న ఫోన్లో క్విజ్ వచ్చిందే. పది ప్రశ్నలకు జవాబిస్తే మీ అమ్మ మళ్ళీ ఎక్కడ పుట్టిందో చెబుతారట. ముద్దుపేరు, పుట్టినరోజు, మొదటి బడి, మొదటి పంతులమ్మ... గుక్కతిప్పుకోకుండా చెప్పేశా. ఒక్కటీ తప్పుపోలేదు!"

"పిచ్చి అమ్మమ్మా! పాస్‌వర్డ్ మర్చిపోయామంటే అడిగేవి అవే. తాళంచెవి తీసి దొంగ చేతిలో పెట్టావు!"

"ఈ మూడేళ్ళలో దాని గురించి నన్నడిగింది వాడొక్కడేనే."

పిల్ల ఫిర్యాదు రాసి, చివరి మీట దగ్గర ఆగింది. "ఇది నొక్కితే ఖాతా మూసేస్తారు. అమ్మ గొంతు కూడా పోతుంది. నొక్కకపోతే అమ్మ పేరుతో ఊరందరినీ ముంచుతాడు."

అంతలో ఫోన్ టింగుమంది. మా అమ్మాయి ఫోటో పక్కన ఒక మాట వచ్చింది.

"చిలకా, తిన్నావా?"

మా అమ్మాయి దాన్నలాగే పిలిచేది. దొంగ పాత మెసేజీలన్నీ చదివేశాడు.

ఇంతసేపూ నన్ను తిట్టిన పిల్ల, చిన్నప్పటిలా నా కొంగు పట్టుకుంది.

"దొంగేనని తెలుసు అమ్మమ్మా. ఒక్కసారి... తిన్నానని చెప్పనా?"

నిన్న నన్ను పట్టిన ఆకలే దాన్నీ పట్టిందని అప్పుడు తెలిసింది. దాని వేలి మీద నా వేలు ఆనించి మీట నొక్కాను.

చుక్క ఆరిపోయింది. ఈసారి మా అమ్మాయిని మేమే పంపించాం.