దీనా అంటే

“ఆడపిల్ల! తల్లీపిల్లా క్షేమం,” అంటూ నర్సు తలుపు తీసేసరికి, ఏడు నెలల తరవాత ఆ అత్తగారి మొహాన మొదటిసారి నవ్వు మొలిచింది.

ఏడు నెలల కిందట పెద్దకొడుకు మేడ మెట్ల మీంచి పడి చనిపోయాడు. తోసింది చిన్నవాడేనని పోలీసులు పట్టుకెళ్లారు. ఆ సాయంత్రం అన్నదమ్ములు అరుచుకోవడం వీధంతా విన్నది మరి. రేపే తీర్పు.

మధ్యాహ్నానికి మనవరాలు ఒళ్లోకి వచ్చింది. గుప్పెడు మొహం, ఆవలిస్తే అందులో సగం నోరే. ఆవిడ మురిసిపోయింది.

“అచ్చం వాళ్ల నాన్న ముక్కే!”

పెద్దకోడలు కిటికీ వైపు చూసింది. “పేరు దీనా, అత్తయ్యా.”

“దీనా? పుట్టీ పుట్టగానే దీనురాలా! మనం ఏడుస్తున్నది చాల్లేదూ?”

“మన మాట కాదండీ, హీబ్రూ పేరు. మా బైండింగు షాపులో పేర్ల పుస్తకం కుడుతుంటే కనబడింది. న్యాయం తేలింది అని అర్థమట. వేల ఏళ్ల నాటిదైనా ఎంత బుల్లిగా ఉందో చూడండి. రెండే అక్షరాలు. వీధి చివరి నుంచి కేకేసినా వినబడుతుంది.”

“పసిగుడ్డు నెత్తిన న్యాయాలూ తీర్పులూ ఎందుకే? రేపు చిన్నాడి గతి ఏమవుతుందో!”

“మరిది ఇంటికొచ్చేస్తాడు.”

“నీ నోట్లో చక్కెర పొయ్య!” ఆవిడ కళ్లు తుడుచుకుని పాప మీదికి వంగింది. “ఏదీ... దీనా... దీనూ... దీనమ్మా...” మూడోసారికి నోరు తిరిగింది. “పోన్లే, ముద్దుగానే ఉంది.”

కోడలు పాలసీసా అందించింది. “మీరు పట్టండి.”

“తల్లివి ఎదురుగా ఉండగా పోతపాలేమిటే?”

“మీ చెయ్యి అలవాటు కానివ్వండి. పేరు కూడా ఇవాళే రాయించేయండి. రేపు మీతో నేనూ కోర్టుకి వస్తాను.”

“పచ్చి బాలింతవి! మంచం దిగావంటే డాక్టరమ్మ నన్ను తంతుంది. నీకు అక్కడేం పని?”

“జడ్జిగారికి ఒక్క ముక్క చెప్పాలి. ఇది భూమ్మీద పడేదాకా ఆగాను.”

“ఏమిటే అది?”

కోడలు పాప అరికాళ్ల మీదికి గుడ్డ లాగింది.

“తోసింది నేను.”