అలల్లేని సముద్రం

గోపి మోసం చేస్తున్నాడన్న అనుమానాన్ని తేల్చుకోవడానికే కాలేజీ గేమింగ్ జట్టు కెప్టెన్ ప్రసన్న బందరు నుంచి బస్సెక్కి నాగాయలంకలోని అతడి ఇంటికి వచ్చింది. ఆన్‌లైన్ పడవ పందెంలో తుపాను రాగానే అందరి తెరలూ నురగతో మూసుకుపోతాయి. అతడొక్కడే తొణక్కుండా దూసుకుపోతాడు.

"సెట్టింగ్స్ ఓపెన్ చెయ్యి."

అతడు కదల్లేదు. వెనుక మంచం మీద కూర్చుని రోజూ తన ఆట చూసే నాయనమ్మ వైపు ఒకసారి చూశాడు.

ప్రసన్నే మౌస్ లాక్కుంది. అనుమానం నిజమైంది: అలలనూ నురగనూ తెర మీద కనబడకుండా ఆటను మార్చేసే మాడ్ అది. అతడి సముద్రం చేపల చెరువులా నిశ్చలంగా ఉంది.

"ఇదన్నమాట తమరి ప్రతిభ! రేపటి నుంచి నువ్వు జట్టులో ఉండవు."

"అల కనబడనంత మాత్రాన తగలకుండా పోద్దా? పల్టీ కొట్టేది నా పడవే కదా!"

"ఈ వాదనలు నా దగ్గరా? తీసేసి ఆడదాం."

"నన్ను జట్టులోంచి తీసెయ్ ప్రసన్నా. దాన్ని మాత్రం తియ్యకు."

ఇంతకంటే రుజువు ఏం కావాలి? ప్రసన్న మాడ్ తొలగించి పందెం మొదలుపెట్టింది. తెర నిండా నల్లటి నీటిగోడ లేచింది.

మంచం కిర్రుమంది. నాయనమ్మ ఒక చేత్తో గోపిని, ఇంకో చేత్తో ప్రసన్న మణికట్టును పట్టి ఈడ్చింది.

"ఉప్పెనర్రా! మేడెక్కండి! నువ్వూ రావే తల్లీ!"

మేడ మీద ఎండ కాస్తోంది. ఆమె రొప్పుతూ ఇద్దరి ముఖాలూ తడిమి చూసుకుంది.

"ఈసారి ఇద్దరి చేతులూ వదల్లేదు," అంది.