ముళ్లు లేని గడియారం

నా తోడికోడలు హులిగమ్మ కొడుకు బెంగళూరులో, గాజుపలకల మీద అంకెలు కనబడేలా చేసే ఫ్యాక్టరీలో చేరాడు. మొదటి సెలవుకు ఎమ్మిగనూరు వచ్చి, తల్లి చేతికి ముళ్లు లేని గడియారం కట్టిపోయాడు.

"ముందుముందు సినిమా గూడ ఇట్లాంటి పలకలోనే వస్తాదంటక్కా. పటం మాదిరి గోడకు తగిలిస్తే సాలంట!" అని వీధంతా చెప్పుకుంది. గంటెంతని ఎవరైనా అడిగితే చేయి నా ముక్కు కిందికి చాపేది. "నువ్వే సూడక్కా!" నా కడుపు మండిపోయేది.

ఆ ఎండాకాలం మిద్దె మీద వడియాలు పెడుతున్నాం. ఆమె గడియారం పిట్టగోడ మీద పెట్టి నీళ్లకు దిగింది. పాడైపోతే బాగుండునని దాన్నే చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి గాజంతా కాటుక పూసినట్టు నల్లబడింది. ఒక్క అంకె లేదు.

నా కన్నే తగిలిందనుకున్నాను. పిండిలోకి తెచ్చిన ఉప్పుతో గడియారానికి దిష్టి తీశాను. నలుపు పోలేదు. అంతలో ఆమె వచ్చి కట్టేసుకుంది.

"గంటెంతక్కా? సూడు."

భయంతో మొహం తిప్పుకున్నాను. "నా కండ్లు మసకలు హులిగమ్మా. నువ్వే సూసి సెప్పు."

ఆమె ఆ నల్లగాజు వైపు చూసింది. తర్వాత తలెత్తి పొద్దును చూసింది.

"పదకొండయిందక్కా."

బడి మొహం చూడని మనిషి ఇన్నాళ్లూ ఆ చేయి నా ముందుకు ఎందుకు చాపిందో అప్పుడు తెలిసింది.

"ఔనమ్మా, పదకొండే. నీడకు పదా" అన్నాను.

మెట్ల నీడలో గాజు చల్లబడి అంకెలు మెల్లగా తేలాయి. పదిన్నర. చూడనట్టే మెట్లు దిగాను.