పాము చెవులు

గంటలు పోతపోసే కార్ఖానాలో దూలానికి అయిదు కంచు గంటలు వేలాడుతున్నాయి. పొద్దున్నే అధికారులు తెచ్చి కట్టినవి. వాటిలో ఒకదానికి లోపల పగులుంది. కంటికి ఆనదు. మోగిస్తేనే తెలుస్తుంది, అదీ తెలిసిన చెవికే.

ఆ చెవి ఈ ఇంట్లో ఇంకో తరానికి ఉందో లేదో ఇవాళ తేలాలి. ఉంటే కార్ఖానా నిలుస్తుంది. లేకపోతే కొలిమి ఆర్పి, అచ్చులు మ్యూజియానికి తరలిస్తారు.

"పెద్దాయనా, పరీక్ష మీకు కాదు, మీ అమ్మాయికి," అంది అధికారిణి, ముసలాయన చెవి దగ్గర గట్టిగా.

"అంత అరవక్కర్లేదమ్మా. చీమ చిటుక్కుమన్నా వింటాను."

కూతురు అటు తిరిగి అచ్చు తుడుస్తోంది.

"ఏమ్మా, మొదలుపెడదామా?"

ఆమె పలకలేదు.

"పనిలో ఉంటే పిడుగు పడ్డా తలెత్తదు. వాళ్లమ్మ పోలిక," అంటూ ముసలాయన వెళ్లి భుజం తట్టి తీసుకొచ్చాడు.

తండ్రీ కూతుళ్లు ఎదురెదురుగా కూర్చున్నారు. అధికారిణి వెంట వచ్చిన గుమస్తా చెక్కసుత్తితో మొదటి గంట కొట్టాడు. నాదం సాగి సాగి ఆగింది.

"మంచిది," అందామె.

రెండోది మంచిది. మూడోదీ మంచిదే. నాలుగోది మోగింది. అధికారులకు తేడా ఏమీ తెలియలేదు. ముసలాయన చేతికర్రను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"ఇది పగిలింది. కరిగించెయ్యండి."

అయిదోది మంచిది. గుమస్తా జేబులోని కాగితం తీసి చూసి తలూపాడు.

"అబ్బ, పాము చెవులు," అంది అధికారిణి. తండ్రి నవ్వాడు. ఆయన్ని చూసి కూతురూ నవ్వింది.

"మీ పనిలో అబద్ధానికి చోటు లేదటగా?" అని అధికారిణి ముసలాయన్ని అడిగింది.

"పాడు గంటైతే మా నాన్న చేజేతులా పగలగొట్టేవాడు. గంటే అబద్ధమాడితే జనం ఇంకెవర్ని నమ్ముతార్రా అనేవాడు."

ఆయన కండువాతో కళ్లొత్తుకున్నాడు. సంతోషం కాబోలనుకుని, అధికారులు సంతకాలు చేసి వెళ్లిపోయారు.

కారు మలుపు తిరిగింది. కూతురు మళ్లీ అచ్చు తుడవడానికి కూర్చుంది. ముసలాయన ఆమె వెనక నిలబడి, ఎప్పుడో పోయిన తండ్రితో పైకే చెప్పుకున్నాడు.

"నాన్నా, ఇవాళ ఈ ఇంట్లోంచి ఒక పాడు గంట బయటికి పంపాను."

కూతురు తలెత్తలేదు, నాలుగేళ్ల కిందట జ్వరం వచ్చి తగ్గిన రోజు నుంచీ ఆమె చెవిన ఒక్క శబ్దమూ పడలేదు.