తాళం వేసిన షెడ్డు

పళ్ల డాక్టరుకి తన పాత స్పోర్ట్స్ కారంటే ప్రాణం. నాలుగు లక్షల కిలోమీటర్లు దాటినా, ఎక్కడెక్కడి నుంచో విడిభాగాలు తెప్పించి దాన్ని పరిగెత్తిస్తూనే ఉన్నాడు. రిపేర్లన్నీ చేసేది మెకానిక్ అయిన అతని బామ్మర్ది. ఈమధ్య సాయంత్రం నింపిన పెట్రోలు తెల్లారేసరికి తగ్గిపోతోంది. కారు పెట్టే షెడ్డు రెండో తాళంచెవి ఉన్నది బామ్మర్ది దగ్గరే.

తేల్చుకుందామని ఆ రాత్రి డాక్టరు అతన్ని షెడ్డులోకి పిలిచి, లోపల గడియ పెట్టి, లైటు ఆర్పేశాడు.

“నా మీదే అనుమానమా బావా?” బామ్మర్ది నొచ్చుకున్నాడు.

“దొంగ దొరికితే నీకే మంచిదిగా. కూర్చో.”

కారుకి చెరోపక్క కూర్చున్నారు. వీధిలో కుక్క కూడా మొరగలేదు. చాలాసేపటికి మలుపు దగ్గర ఏదో ఇంజను చప్పుడు. గుర్రుమంటూ వస్తూ, మధ్యలో దగ్గినట్టు తడబడి, మళ్లీ అందుకుంటోంది. ఆ తడబాటు పోగొట్టడానికే వాళ్లిద్దరూ ఏళ్ల తరబడి తలలు బద్దలు కొట్టుకున్నారు.

“బావా, అది మన బండే,” బామ్మర్ది గుసగుసలాడాడు.

“మన బండి ఇక్కడుంటే, అదెలా అవుతుంది?”

వీడే ఎవడితోనో ఆడిస్తున్న నాటకమేమో అనుకున్నాడు డాక్టరు. అయినా మనసొప్పక, చీకట్లో చెయ్యి చాపి బానెట్ మీద పెట్టాడు. చల్లగా ఉంది. హమ్మయ్య అనుకున్నాడు.

చప్పుడు దగ్గరకొచ్చి షెడ్డు తలుపు బయటే నిలిచింది. ఇంజను మాత్రం ఆపలేదు.

“గడియ తియ్యకు బావా,” అన్నాడు బామ్మర్ది.

డాక్టరు కదల్లేదు. అతని అరచేతి కింద బానెట్ రేకు మెల్లమెల్లగా వేడెక్కుతోంది.